మాడపాటి హనుమంతరావు

వీధికుళాయిలో నీరు రానప్పుడు, మురుగుకాలువ పొంగి దారికి అడ్డమైనప్పుడు, పిల్లలు ఆడుకొనుటకు విడిచిన స్థలమును ఎవరో కంచెవేసి తనదే యన్నప్పుడు, నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణములలో నివసించు సామాన్యుడు పురపాలక సంఘము గడప తొక్కును. తాను వోటువేసి గెలిపించిన సభ్యుని నిలదీసి అడుగును. ఆ సభ్యుడు పోయి సభలో అధికారిని అడుగును. వచ్చిన సమాధానము తృప్తికరముగా ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కాని అడుగుట తప్పని ఎవరును అనరు. ఇది మనకు గాలివలె, వెలుతురువలె సహజమైన విషయముగా తోచును. మన తాతముత్తాతల కాలమున ఈ ప్రాంతమున ఇది సహజము కాదు. నిజాము రాజ్యమున ప్రజ అర్జీ పెట్టుకొనవచ్చును గాని ప్రశ్న వేయరాదు. అర్జీకిని ప్రశ్నకును ఎంత దూరమున్నదో ఆ దూరమును కాలినడకన, తొందరపడక, ఇంచుమించు అరువది యేండ్లు నడచిన మహనీయుడొక డుండెను. ఆయనయే ఆంధ్రపితామహుడని తెలుగువారు గౌరవించిన మాడపాటి హనుమంతరావుగారు.

హనుమంతరావుగారు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణామండలమున నందిగామ తాలూకాలో జన్మించిరి. తండ్రి వెంకటప్పయ్యగారు, తల్లి వెంకటసుబ్బమ్మగారు. పసితనముననే తండ్రి గతించుటచే కుటుంబము మేనమామల అండ చేరవలసివచ్చెను. ఆ విధముగా బ్రిటిషు సీమలో పుట్టిన బాలుడు నిజాము సీమలో పెరిగెను. ఒక విధముగా ఇది ఆయనకు మేలే చేసెను. అటు తెలుగునందు పాండిత్యము గల కుటుంబ సంప్రదాయము, ఇటు రాజభాషయైన ఉర్దూ, దానికి తల్లివేరువంటి ఫారసీ, పాఠశాలలోని ఇంగ్లీషు, ఇవన్నియు ఆయనకు చిన్ననాటనే పట్టుబడెను. ఉర్దూలో ఆయన వ్రాసిన వ్రాత చదివినవారు ఇది ఒక తెలుగువాని వ్రాతయని నమ్మలేకపోయెడివారు. ఉర్దూపత్రికయగు ముషీరె దక్కనునకు ఆయన వ్యాసములు వ్రాసిరి. ప్రేమ్‌చందు ఉర్దూకథలను తెలుగులోనికి తెచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. ఒక భాషను ప్రేమించుటకు మరియొక భాషను ద్వేషింపనక్కరలేదను సంగతి ఆయన జీవితమున ఆద్యంతము కనబడును. ఇది ముందుముందు మనకు జ్ఞాపకముండవలసిన విషయము.

చదువు ముగిసిన వెనుక ఆయనకు హనుమకొండలో విద్యాశాఖయందు ఒక చిన్న ఉద్యోగము దొరకెను. జీతము స్వల్పము. ఊరు మాత్రము గొప్పది. కాకతీయుల నాటి వేయిస్తంభముల గుడి నీడలో ఆ రోజులలో తెలుగు చదువుకొను బాలునకు తెలుగు పుస్తకము దొరకుట దుర్లభముగా ఉండెను. అంతకు కొలదికాలము ముందు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగు పెద్దలు దానిని నెలకొల్పిరి. దాని వెలుగు హనుమకొండ చేరుటకు ఎంతోకాలము పట్టలేదు. 1904లో అచ్చట శ్రీరాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము స్థాపితమయ్యెను. దాని పనిలో యువకుడగు హనుమంతరావు ముందు నిలిచెను. పుస్తకములు తెప్పించుట, పత్రికలు కూర్చుట, చందాలు వసూలుచేయుట, సాయంకాలము దీపము వెలిగించి చదువరులకై కాచుకొని యుండుట వంటి పనులతోనే ఆయన ప్రజాసేవ ఆరంభమయ్యెను. గ్రంథాలయము అనిన నేడు మనకు పుస్తకములు పెట్టుకొను చోటు. ఆనాడు అది పదిమంది కలిసి కూర్చుండుటకు అనుమతింపబడిన ఒకే యొక చోటు. పదిమంది కూర్చున్నచోట మాట పుట్టును. మాట పుట్టినచోట ప్రశ్న పుట్టును. అందుచేతనే ప్రభుత్వము గ్రంథాలయములను సైతము అనుమానపు చూపుతో చూచెడిది.

తరువాత ఆయన హైదరాబాదు చేరి శాసనశాఖలో అనువాదకుడుగా పనిచేసిరి. చట్టములను ఒక భాషనుండి మరియొక భాషలోనికి మార్చు పని అది. చట్టమును అనువదించువాడు దానిని ప్రతిపదమును ఆకళించుకొనక తప్పదు. ప్రభుత్వము తన ప్రజలకు కాగితము మీద ఎన్ని మేలులు చేసియున్నదో, ఆ మేలులలో ఎన్ని పల్లెకు చేరకయే కచేరీలలో నిలిచిపోయినవో ఆయనకు ఆ యుద్యోగమున తెలిసినంతగా మరెవరికిని తెలిసియుండదు. కొంతకాలమునకు న్యాయవాద పరీక్షయందు ఉత్తీర్ణులై, ఉద్యోగము వదలి వకీలుగా నిలిచిరి.

అప్పటి తెలంగాణ పల్లెల స్థితి నేటి బాలబాలికలు ఊహించుకొనుట కష్టము. అధికారి గ్రామమునకు వచ్చెనన్న ఊరంతయు వణకవలసినదే. ఆయన సామాను మోయుటకు మనుష్యులు, బండ్లు కట్టుటకు ఎడ్లు, గుడారమునకు నీరు తెచ్చుటకు కుమ్మరి, బట్టలకు చాకలి, చెప్పులకు మాదిగ, ఇట్లు ప్రతి వృత్తివాడును కూలిలేకయే పనిచేయవలెను. దీనికే వెట్టియని పేరు. కోమటి తన దుకాణములోని బియ్యము, పప్పు, నేయి అధికారి చెప్పిన ధరకు ఈయవలెను. ధర చెప్పనినాడు ఊరకయే ఈయవలెను. పంట కోతకు వచ్చినను, ఇంట రోగియున్నను, పిలుపు వచ్చినప్పుడు పోవలసినదే. పోనివానికి దెబ్బలు. ఇందులో విచిత్రమేమనగా, వెట్టిని నిషేధించు ప్రభుత్వపు ఉత్తరువులు అప్పటికే యుండెను. అవి ఉర్దూలో ఉండెను. పల్లెవానికి ఉర్దూ రాదు. తెలిసినవారు చెప్పరు.

1921వ సంవత్సరము నవంబరు నెలలో హైదరాబాదున వివేకవర్ధిని నాటకశాలయందు సంఘసంస్కరణ సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన మహారాష్ట్ర మహనీయుడు కార్వేపండితుడు దాని కధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో ఉపన్యాసములు సాగెను. అల్లంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాట్లాడసాగెను. సభలోని కొందరు నవ్విరి, చప్పట్లు చరచి అల్లరిచేసిరి. ఆయన ఉపన్యాసము సాగలేదు. ఆ రాజ్యమున ఆనాడు జనసంఖ్యలో తెలుగువారిదే మొదటి స్థానము. అయినను తమ రాజధానిలో, తమవంటి చదువుకొన్నవారి నడుమ, తమ భాషలో నాలుగు మాటలు చెప్పుకొనుటకు వీలులేకపోయెను. సభలో ఉన్న తెలుగువారు అవమానముతో కుంగిరి. కుంగి ఊరకుండలేదు. ఆ రాత్రియే పదిమందికి కొంచెము మించినవారు ఒక మిత్రుని యింట కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. వారిలో హనుమంతరావుగారు ముఖ్యులు. నవ్వినవారిని తిట్టుటతో ఆ కూటమి ముగిసియున్నచో చరిత్రలో దానికి చోటు దొరకెడిది కాదు.

ఈ సంఘమే కొలది కాలములో ఊరూర శాఖలతో పెరిగెను. దాని భారమంతయు కార్యదర్శియగు హనుమంతరావుగారి భుజములపై బడెను. సంఘము చేసిన పనులలో పాఠశాలలు, గ్రంథాలయములు, శాసనముల సేకరణ మొదలగునవి యెన్నియో కలవు. వానిలో ఎల్లను మిన్నయైనది పైకి మిక్కిలి చిన్నదిగా కనబడు ఒక పని. వెట్టిని గూర్చియు, వర్తకులకు గల స్వాతంత్ర్యమును గూర్చియు ప్రభుత్వము ఎప్పుడెప్పుడు ఏయే ఉత్తరువులు ఇచ్చినదో వెదకి తీసి, వానిని తేలికయైన తెలుగున చిన్న పుస్తకములుగా అచ్చువేయించి పల్లెలకు పంపుట. అంతకు మించి ఆ పుస్తకములలో ఒక్క కటువైన మాటయు లేదు. కాని ఆ పుస్తకము చేతబట్టుకొన్న కోమటి దుకాణమునకు వచ్చిన జవానుతో సర్కారు ఉత్తరువు ఇట్లున్నదని చెప్పగలిగెను. రాజును ధిక్కరింపకుండ రాజు మాటనే రాజోద్యోగికి జ్ఞాపకము చేయుట హనుమంతరావుగారి పద్ధతి. చట్టమును అనువదించిన చేయి తరువాత పల్లెవానికి ఆ చట్టమును అందించెను.

ఈ పద్ధతిని మెచ్చనివారు ఆనాడును ఉండిరి. ఇంత మెల్లగా నడచిన గమ్యము ఎప్పుడు చేరుదుమని యువకులు విసిగికొనిరి. ఆ విసుగులో న్యాయము లేకపోలేదు. అయితే ప్రభుత్వము కన్నెఱ్ఱచేసిననాడు నిలువగల సంఘము ఒక్కటియు లేని దేశమున, ముందు సంఘమును బ్రతికించుకొనుట కూడ ఒక సాహసమే. సభ జరుపుకొనవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అందుకు కత్తివలె వ్రేలాడుచుండెను. ఎవరు మాట్లాడుదురో, ఏమి మాట్లాడుదురో అధికారులకు ముందుగా తెలియవలెను. ఇటువంటి కట్టుబాట్ల నడుమనే 1930లో జోగిపేటయందు మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. మరుసటి సంవత్సరము దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారు అధ్యక్షత వహించిరి. 1931కిని 1934కిని నడుమ సభలు జరుగనేలేదు. 1934లో ఖమ్మమున పులిజాల వెంకటరంగారావుగారి అధ్యక్షతను మూడవ సభ జరిగెను. ఉద్యమమునకు వెన్నెముకయైన హనుమంతరావుగారు ఈ మూడింటిలోను అధ్యక్షపీఠమునకు ఎక్కలేదు. ఇతరులను ముందుకు పంపి తాము వెనుక పనిచేసిరి. నాలుగవ సభకు మాత్రము అందరును ఆయననే కోరిరి. ఆ సభ 1935లో సిరిసిల్లలో జరిగెను.

సిరిసిల్ల మానేటి యొడ్డున గల ఊరు. అప్పుడది కరీంనగరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రము. రైలు లేదు. ఊరిలో అడుగుపెట్టగానే వినబడునది మగ్గము చప్పుడు. ఆ జిల్లా చేతిపనికి పేరు పొందినది. కోరుట్లలో చేతితో కాగితము చేసెడివారు. సిరిసిల్లలో బట్ట నేసెడివారు. కాగితము చేసిన ఊరిలో చదువురానివారే యెక్కువ. బట్ట నేసినవాని యొంటిమీద బట్ట తక్కువ. జగిత్యాలకు చక్కని రాతికోట యుండెను గాని, కోటకు వెలుపలనున్న ప్రజకు నోరు లేదు. భూమిశిస్తుతోపాటు స్థానికనిధి పేరిట పన్ను వసూలగుచుండెను. రోడ్లకు, పాఠశాలలకు, వైద్యశాలలకు ఆ నిధి వినియోగింపవలెను. జిల్లాలలో దానిని నడుపుటకు సంఘములుండినను వానిలో ఉద్యోగులదే పైచేయి. మా ఊరి పన్ను ఏ రోడ్డునకు పోయెనని రైతు అడుగవలెనన్న, అడుగుటకు తగిన తావే లేదు.

అట్టి ఊరిలో మహాసభ జరుగుట సామాన్యమైన విషయము కాదు. రాజధానిలో చదువరుల నడుమ పుట్టిన ఉద్యమము మగ్గములవారి వాడకు నడచివచ్చెను. ఆంధ్రమహాసభలతోపాటు మహిళాసభలు జరుపుట ఆచారముగా ఉండెను. సిరిసిల్ల మహిళాసభకు హనుమంతరావుగారి ధర్మపత్ని మాణిక్యమ్మగారు అధ్యక్షత వహించిరి. ఒకే ఊరిలో, ఒకే సందర్భమున భర్త ఒక సభకును భార్య ఒక సభకును అధ్యక్షులగుట ఆ కాలమున జనులకు వింతగా తోచియుండును. వెట్టి, ప్రాథమికవిద్య, మాతృభాషలో బోధన, బాల్యవివాహములు, గ్రంథాలయములు మొదలగునవి ఆ మహాసభలలో చర్చకు వచ్చు విషయములు. ఈ తీర్మానములు ప్రభుత్వమును బంధింపవు. కాని ఒక తీర్మానమును ప్రతిపాదించువాడు ఒకడు, బలపరచువాడొకడు, సవరణ కోరువాడొకడు, చేతులెత్తి లెక్కించువాడొకడు. ఈ మర్యాదలన్నియు పల్లెటూరివారు మొదటిసారిగా చూచిరి. సభలో లేచి నిలుచుట, తన వంతు వచ్చువరకు ఆగుట, తనకు నచ్చని మాట వినుట, ఓడిపోయినను మరల సభకు వచ్చుట, ఇవి పుస్తకములో చదివి నేర్చుకొను విద్యలు కావు. తరువాతి కాలమున పురపాలక సభలకును శాసనసభలకును పోయినవారిలో అనేకులు ఈ మహాసభలలోనే ఓనమాలు దిద్దిరి.

స్త్రీవిద్య హనుమంతరావుగారికి ప్రాణము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున పైచదువు ఉర్దూలోనే సాగెను. తెలుగు బాలిక తన భాషలో ఉన్నతపాఠశాల చదువు చదువుటకు దారి లేదు. 1928లో ఆయన మిత్రులతో కలిసి హైదరాబాదున తెలుగు మాధ్యమముగా ఒక బాలికోన్నత పాఠశాలను స్థాపించిరి. ప్రభుత్వము దానిని గుర్తింపలేదు. గుర్తింపులేని బడికి పిల్లలను పంపువారెవరు? అప్పుడు హనుమంతరావుగారు పూనాలోని కార్వేపండితుని మహిళా విశ్వవిద్యాలయము వైపు చూచిరి. ఆ విశ్వవిద్యాలయము మాతృభాషలో చదువును ఒప్పుకొనుచుండెను. దాని పరీక్షలకు ఈ బాలికలను పంపిరి. ఏ సభలో తెలుగు ఉపన్యాసము నవ్వులపాలయ్యెనో ఆ సభకు అధ్యక్షుడుగా ఉన్న మహారాష్ట్రుని విశ్వవిద్యాలయమే తెలుగు బాలికల చదువునకు గుర్తింపునిచ్చెను. పగ పట్టనివానికి సాయము ఏ దిక్కునుండియైనను వచ్చును. ఎన్నో యేండ్లు ఈ పాఠశాల చందాలమీదనే నడచెను. చందాలకై ఎక్కని గడప లేదు, దిగని గడప లేదు. ఆ పాఠశాల నారాయణగూడలో ఆయన పేరిట ప్రసిద్ధి కెక్కెను.

కాలము మారెను. మహాసభలో అభిప్రాయభేదములు ముదిరెను. 1944లో భువనగిరి సభ నాటికి మితవాదులును అతివాదులును వేరుబడిరి. హనుమంతరావుగారు నడచిన మెల్లని దారి ఆ తరము యువకులకు చాలదయ్యెను. ఆయన వారిపై ఆగ్రహింపలేదు. తమ పద్ధతిని మార్చుకొననూలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసెను. ఆ వెంటనే ఆయన కూర్చుండి, తాము కన్నదియు విన్నదియు చేసినదియు తెలంగాణా ఆంధ్రోద్యమము అను గ్రంథముగా రెండు భాగములలో వ్రాసిరి. 1949, 1950 సంవత్సరములలో అవి వెలువడెను. ఆనాటి చిన్న చిన్న సంఘములు, వాని కార్యదర్శులు, తీర్మానములు ఆ గ్రంథమున భద్రముగా ఉన్నవి.

హైదరాబాదు నగరపాలనకు పూర్వచరిత్ర కొంత కలదు. 1869లో సాలారుజంగు మంత్రిత్వమున పురపాలక శాఖ యేర్పడెను. 1908లో మూసీనదికి వచ్చిన వరద నగరమును సగము తుడిచిపెట్టెను. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నదికి అడ్డుకట్టలు ఆలోచింపబడి, ఉస్మానుసాగరము, హిమాయతుసాగరము వెలసెను. నగరమునకు త్రాగునీరు అందులనుండి వచ్చెను. రోడ్లు వెడల్పుచేయుట, మురికివాడలు తొలగించుట మొదలగు పనులకు 1912లో ఒక ప్రత్యేక మండలి యేర్పడెను. ఈ పనులు గొప్పవి. వీనిని చేసినవారు సమర్థులు. కాని చేసినవారిని అడుగువారు లేరు. 1934లో కార్పొరేషనుకు ఎన్నికలు జరిగినను, 1942లో ఆ హోదా రద్దయ్యెను. ఎనిమిదేండ్ల తరువాత 1950లో క్రొత్త చట్టము వచ్చెను. 1951లో ఎన్నికలు జరిగెను. హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరుగా మాడపాటి హనుమంతరావుగారు ఎన్నుకొనబడిరి. అప్పటి కాయన వయస్సు అరువదియారు.

మేయరు అనిన వెంటనే కొందరికి బంగారుగొలుసు, పెద్దకారు మనస్సున మెదలును. పని అంత సులభమైనది కాదు. నగరపాలక సంస్థలో కార్యనిర్వహణము ప్రభుత్వము నియమించిన కమిషనరుది. మేయరు సభకు అధ్యక్షుడు. అనగా కాలువ త్రవ్వించు అధికారము ఆయనకు లేదు. కాలువ యేల త్రవ్వలేదని సభ్యుడు అడిగినప్పుడు ఆ ప్రశ్న నిలిచి, దానికి బదులు వచ్చునట్లు చూచు బాధ్యత ఆయనది. సభ్యులు తమ వార్డు సంగతులే అడుగుదురు. కుళాయిలు, వీధిదీపములు, మురుగు, బజారులు, తోటలు, శ్మశానములు. ఒక్కొక్కప్పుడు ప్రశ్నలో కోపము పాలు హెచ్చు, సంగతి పాలు తక్కువ. ఒక్కొక్కప్పుడు అధికారి సమాధానములో మాటలు హెచ్చు, నీరు తక్కువ. రెండింటి నడుమ త్రాసువలె కూర్చుండవలెను. సికిందరాబాదును కలుపుకొన్నచో పదిలక్షలకు మించిన జనులు గల మహానగరమది. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము మాట్లాడువారు అందుండిరి. ఒక సభలో ఒక భాషకు జరిగిన అవమానముచే ప్రజాసేవలో ముందునకు వచ్చిన మనుష్యుడు, ముప్పదియేండ్ల తరువాత, అన్ని భాషలవారు కూర్చున్న సభకు పెద్దయయ్యెను. ఉర్దూపై ఆయనకు గల అధికారము ఇచ్చట అక్కరకు వచ్చెను. ఆయన మాట తీరులో కాఠిన్యము లేదు. తన పక్షము, పరపక్షము అను భేదము లేదు. అందుచేత 1954వరకు ఆ స్థానమున ఆయనయే యుండిరి.

ఆయన జీవితమున ఈ మూడేండ్లు పెద్ద భాగము కావు. కాని అంతకు ముందు నడచిన దారియంతయు ఇచ్చటికే చేరినట్లు తోచును. సిరిసిల్ల సభలో తీర్మానము చేసి, కాగితము మీద వ్రాసి, ప్రభుత్వమునకు పంపి, జవాబునకై నెలలు ఎదురుచూచిన మనుష్యుని యెదుటనే ఇప్పుడు అధికారి లేచి నిలిచి లెక్కచెప్పుచుండెను. ఇది ఒక వ్యక్తికి కలిగిన అదృష్టము కాదు. ఆ మూడేండ్ల నడుమనే, 1952 ఎన్నికల తరువాత, దేవరకొండ సభాధ్యక్షులగు బూర్గుల రామకృష్ణరావుగారు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైరి.

1955లో భారత ప్రభుత్వము హనుమంతరావుగారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. 1956లో ఆంధ్రప్రదేశము అవతరించెను. 1958లో రాష్ట్రమునకు శాసనమండలి యేర్పడగా, దానికి ప్రథమాధ్యక్షులుగా ఆయన ఎన్నికైరి. 1964వరకు ఆ పదవియందుండిరి. శాసనమండలిలో ప్రశ్నల సమయమని ఒకటి యుండును. సభ్యుడు ముందుగా ప్రశ్న వ్రాసి పంపును. మంత్రి దానికి సభలో బదులు చెప్పవలెను. బదులు చాలనిచో అనుబంధ ప్రశ్న వేయవచ్చును. డెబ్బదియవ పడి దాటిన వృద్ధుడు రోజూ సకాలమునకు వచ్చి పీఠమున కూర్చుండి, క్రొత్త సభ్యుని తడబాటును ఓపికతో సహించి, మంత్రుల మాటలను శ్రద్ధతో వినుచుండుట చూచినవారికి ఆయన సహజస్వభావము తెలిసివచ్చెడిది. ఎన్ని పదవులు వచ్చినను వేషభాషలు మారలేదు. నారాయణగూడ బాలికల పాఠశాలను గూర్చిన చింత తగ్గలేదు.

ఆయన నెలకొల్పిన సంఘములలో కొన్ని కాలగతిని మాసిపోయెను. ఆంధ్రమహాసభ చీలి వేరువేరు పక్షములలో కలిసిపోయెను. హైదరాబాదు, సికిందరాబాదు నగరపాలక సంస్థలు 1960లో ఒకటయ్యెను. ఆయన పుట్టిన సీమయు, పెరిగిన సీమయు ఒకే రాష్ట్రమై, 2014లో మరల రెండయ్యెను. 2016లో సిరిసిల్లయు జగిత్యాలయు జిల్లా కేంద్రములయ్యెను. 1935లో రైలుకూత వినని ఆ చిన్న తాలూకా ఊరు నేడు మరమగ్గముల పట్టణము.

1970వ సంవత్సరము నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున, మాడపాటి హనుమంతరావుగారు పరమపదించిరి. ఆంధ్రజనసంఘము పుట్టిన రాత్రికి అప్పటికి నలువదితొమ్మిదేండ్లు నిండవచ్చెను.